తుఫానుకు ముందు తెరవాల్సిన రిజిస్టరు

దీపావళి దగ్గర పడుతుంటే నెల్లూరు తీరం చూపు ఆకాశం మీదే ఉంటుంది. రాష్ట్రంలో చాలా జిల్లాలకు వానాకాలం ముగింపుకొచ్చే రోజుల్లో ఇక్కడ అసలు వానలు మొదలవుతాయి. ఏడాది వర్షపాతంలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలే తెచ్చిపెడతాయి. బంగాళాఖాతంలో వాయుగుండాలు పుట్టే కాలమూ అదే. వాయుగుండం పట్టకపోతే చెరువు నిండదు, పడితే కట్ట నిలుస్తుందో లేదో తెలియదు. ప్రకాశం జిల్లాలో కొత్తపట్నం నుంచి దక్షిణంగా సాగే తీర పల్లెలకూ ఇదే ఇరకాటం.

ఈ తీరానికి తుఫానులు కొత్త కావు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన దాదాపు పది వేల ప్రాణాలు తీసింది. 1979 మే నెల తుఫాను నెల్లూరు, ఒంగోలు మధ్యనే తీరం దాటింది. 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర మరొకటి. ఆ రెండూ వందల మందిని పొట్టన పెట్టుకున్నాయి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ నెల్లూరు, ప్రకాశం తీరాలను తడిపి ముద్దచేసి బాపట్ల దగ్గర తీరం దాటింది. పంటలు నేలమట్టమయ్యాయి గానీ రాష్ట్రంలో ప్రాణనష్టం చాలా స్వల్పం. ఉపగ్రహాలు, రాడార్లు, ఫోను సందేశాలు, పునరావాస కేంద్రాలు, ముందస్తు తరలింపు కలిసి నలభై ఏళ్లలో సాధించిన తేడా ఇది.

ఉప్పెనకు కొట్టుకుపోయేవాళ్లు తగ్గినకొద్దీ ఇంతకాలం దాని చాటున ఉండిపోయిన మరో రకం నష్టం కంటపడుతోంది. వాగు పొంగి డయాలసిస్‌కు వెళ్లలేకపోయిన మనిషి, చప్టా అవతల నొప్పులు మొదలైన గర్భిణి, కరెంటు లేని ఇంట్లో ఇన్సులిన్ పాడైపోయిన ముసలాయన, నీళ్లు తీసిన వారానికి వాంతులు విరేచనాలతో పడిపోయిన పసిబిడ్డ. వీళ్లకు ప్రాణం మీదికి వస్తే అది తుఫాను మృతుల పట్టికలోకి ఎక్కడం అరుదు. గాలినీ నీటినీ కనిపెట్టి ఉండటానికి వాతావరణ శాఖ ఉంది, రెవెన్యూ యంత్రాంగం ఉంది, పడవలతో విపత్తు దళాలు ఉన్నాయి. మిగిలిపోయిన ఈ పని ఎవరిదని చూస్తే చాలావరకు నర్సు దగ్గరికే వచ్చి ఆగుతుంది.

నర్సు అంటే తెల్ల యూనిఫాంలో పెద్దాసుపత్రి వార్డులో కనిపించే సిస్టర్ మాత్రమే అనుకుంటే లెక్క తప్పుతుంది. గ్రామ సచివాలయం పరిధిలో తిరిగే ఏఎన్‌ఎం, గ్రామ ఆరోగ్య కేంద్రంలో కూర్చునే బీఎస్సీ నర్సింగ్ చదివిన కమ్యూనిటీ హెల్త్ ఆఫీసరు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో (పీహెచ్‌సీ) మూడు షిఫ్టులు పంచుకునే స్టాఫ్ నర్సులు, వాళ్లకు ఊళ్లో కన్నూ చెవీ అయిన ఆశా కార్యకర్త. జనం దృష్టిలో వీళ్లందరూ నర్సమ్మలే. హోదాలు వేరు, జీతాలు వేరు, గాలివాన మాత్రం అందరికీ ఒకటే.

మూడు పేర్లు

వాతావరణ శాఖ పద్ధతి ప్రకారం తీరంలో ప్రమాదకర వాతావరణం మొదలవుతుందనుకున్న సమయానికి కనీసం 48 గంటల ముందు తుఫాను అప్రమత్తత, 24 గంటల ముందు తుఫాను హెచ్చరిక వెలువడాలి. అంటే నర్సు చేతిలో ఉండేది రెండు రోజులు. ఆ రెండు రోజుల్లో ఆమె దగ్గర ఉండగల అన్నిటికంటే పదునైన పనిముట్టు స్టెతస్కోపు కాదు, గర్భిణుల రిజిస్టరు.

చిన్న లెక్క చూద్దాం. ఐదు వేల జనాభా ఉన్న పరిధిలో వెయ్యికి ఏడాదికి పదిహేను జననాలు అనుకుంటే మొత్తం 75 కాన్పులు. రెండు వారాలకు విడదీస్తే మూడు. తుఫాను వచ్చే సమయానికి కాన్పు తేదీ దగ్గర పడ్డవాళ్లు ఆ పరిధి మొత్తంలో ముగ్గురే. తేదీలు అటూ ఇటూ అవుతాయి కాబట్టి ఐదుగురు అనుకుందాం. ఐదు వేల మందిని కదిలించడానికి ప్రభుత్వం కావాలి. ఐదుగురిని కదిలించడానికి ఒక రిజిస్టరు, ఒక ఫోను, ఒక వాహనం చాలు. వాన మొదలవక ముందే వాళ్లను కాన్పు చేయగల ఆసుపత్రికి చేరిస్తే, అర్ధరాత్రి పడవ మీద గర్భిణి తరలింపు అంటూ టీవీల్లో వచ్చే దృశ్యం ఉండదు. ఆ దృశ్యం చూసి సిబ్బంది సాహసాన్ని మెచ్చుకోవడం మనకు అలవాటైంది. నిజానికి అలాంటి సాహసం అవసరపడిందంటే రెండు రోజుల ముందు ఎక్కడో ఒక పేజీ తిరగలేదని అర్థం.

ఆ పేజీలో తేదీ ఒక్కటే చూస్తే సరిపోదు. ఎర్ర సిరాతో గుర్తుపెట్టాల్సినవి పక్క గడుల్లో ఉంటాయి. మొదటి కాన్పు సిజేరియన్ అయినావిడ, బీపీ ఎక్కువగా ఉన్నావిడ, హిమోగ్లోబిన్ ఏడు గ్రాముల లోపు పడిపోయినావిడ, కవల పిల్లలున్నావిడ. వీళ్లకు తేదీ ఇంకా నెల ఉన్నా దారి తెగే ఊళ్లో ఉంచకూడదు. ఇక ఏం చేసినా కదలని కుటుంబం ఒకటి ప్రతి ఊళ్లోనూ ఉంటుంది. ఇంట్లో గేదె ఉంది, మామగారు మంచంలో ఉన్నారు, వలలు ఒడ్డున ఉన్నాయి అంటారు. అవి సాకులు అనుకోవడం పొరపాటు, ఆ ఇంటి ఆస్తి మొత్తం అదే. అలాంటి ఇంటికి శుభ్రమైన కాన్పు సామగ్రి ఇచ్చి, ఎవరికి ఫోను చేయాలో గోడ మీద రాసి వస్తుంది అనుభవమున్న ఏఎన్‌ఎం. కాన్పు తర్వాత రక్తస్రావం ఆపడానికి వాడే ఆక్సిటోసిన్‌ను చల్లగా ఉంచాలి. అదే పనికొచ్చే మిసోప్రోస్టాల్ మాత్రకు ఫ్రిజ్ అక్కర్లేదు. కరెంటు మూడు రోజులు ఉండదని తెలిసినప్పుడు సంచిలో ఏది ఉండాలో ఆ ఒక్క తేడాయే చెబుతుంది.

గర్భిణులకు రిజిస్టరైనా ఉంది. మిగతావాళ్ల సంగతి అంత క్రమంగా ఉండదు. డయాలసిస్ మీద ఉన్నవాళ్లు, ఇన్సులిన్ వాడేవాళ్లు, మూర్ఛ మందులు వాడేవాళ్లు, టీబీ కోర్సు మధ్యలో ఉన్నవాళ్లు, మంచాన పడ్డవాళ్లు, మానసిక వ్యాధికి మందులు వాడేవాళ్లు, తక్కువ బరువుతో పుట్టిన శిశువులు. ఈ సమాచారమంతా ఎక్కడో ఒక యాప్‌లో ఉంటుంది. నెట్‌వర్క్ పోయిన రోజున యాప్ ఉన్నా లేనట్టే. అందుకే ఇవన్నీ వీధుల వారీగా ఒకే కాగితం మీదికి తెచ్చి, ప్లాస్టిక్ కవరులో పెట్టి, ఒక నకలు ఆశా దగ్గర, ఒకటి పంచాయతీలో ఉంచాలి. రోగాల పేర్లు పంచాయతీ నకలులో రాయకూడదు. హెచ్‌ఐవీ మందులు వాడుతున్న మనిషికి తుఫాను కంటే ఊరికి తెలిసిపోతుందన్న భయం ఎక్కువ. పేరు పక్కన ఒక చుక్క చాలు, దాని అర్థం నర్సుకు తెలిస్తే చాలు.

డయాలసిస్ విషయం మరీ సున్నితం. వారానికి రెండు మూడుసార్లు రక్తం శుద్ధి కావాల్సిన మనిషికి నాలుగైదు రోజులు విరామం వస్తే ఒంట్లో నీరు చేరుతుంది, పొటాషియం పెరిగి గుండె ఆగే ప్రమాదం ఉంటుంది. తుఫానుకు ముందురోజే ఒక విడత చేయించడం, ఆ నాలుగు రోజులూ నీళ్లు, ఉప్పు, కొబ్బరినీళ్లు, అరటిపండు తగ్గించమని చెప్పడం నర్సు చేయగల పనులే. పునరావాస కేంద్రంలో దాతలు మొదట పంచేవి ఏమిటో గుర్తుచేసుకుంటే ఈ మాట ఎంత అవసరమో తెలుస్తుంది. అరటిపండ్లు.

ఈ జాబితాకు ఒక పెద్ద కంత కూడా ఉంది. పెన్నా గట్ల మీద, కాలువ కట్టల వెంట గుడిసెల్లో ఉండే యానాది కుటుంబాలు, రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉండేవాళ్లు, ఇటుక బట్టీలకు బయటి నుంచి వచ్చిన కూలీలు ఏ ఊరి లెక్కలోనూ సరిగా పడరు. నీళ్లు మొదట చేరేది వాళ్ల దగ్గరికే. రేషన్ కార్డు చిరునామా ఒకచోట, మనిషి ఒకచోట. టీకాల రోజున పిల్లలను వెతుక్కుంటూ వెళ్లే ఏఎన్‌ఎంకు వాళ్ల గుడిసెల దారి తెలుస్తుంది. రెవెన్యూ పటంలో లేని ఇల్లు ఆమె టీకాల పుస్తకంలో దొరకవచ్చు. ఖాళీ చేయమని అధికారి మైకులో చెబితే కదలని ఇల్లు, తన బిడ్డకు సూది వేసిన మనిషి వచ్చి ‘పదమ్మా, పిల్లను నేను ఎత్తుకుంటాను’ అంటే కదిలే అవకాశం ఎక్కువ.

పెన్నా అవతల

2021 నవంబరు 19న కడప వైపు చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. ఆ నీరు పెన్నాలో కలిసి సోమశిలకు, అక్కడి నుంచి నెల్లూరుకు వచ్చింది. నగరంలో భగత్‌సింగ్ కాలనీ వంటి నదీతీర కాలనీలు మునిగాయి. కోవూరు, పడుగుపాడు దగ్గర జాతీయ రహదారి తెగింది, రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది. చెన్నై, కోల్‌కతా మధ్య రాకపోకలు ఆగిపోవడం దేశమంతా వార్త అయింది.

ఆరోగ్యం వైపు నుంచి చూస్తే ఆ తెగిన రోడ్డుకు మరో అర్థం ఉంది. నెల్లూరు పెన్నాకు దక్షిణపు ఒడ్డున ఉంది. ప్రభుత్వ సర్వజనాసుపత్రి, పెద్ద ప్రైవేటు ఆసుపత్రులు, స్పెషలిస్టులు అటువైపే. కోవూరు, విడవలూరు, అల్లూరు జనం వంతెన దాటితేనే వాళ్లు దొరుకుతారు. వంతెన దారి మూసుకుపోయిన రోజున ఉత్తరపు ఒడ్డు మొత్తం చిన్న ఆసుపత్రుల మీద, వాటిలో ఉన్న ఒకరిద్దరు నర్సుల మీద ఆధారపడుతుంది. సముద్రం వైపు వెళితే బకింగ్‌హాం కాలువకు అవతల ఉన్న పట్టపుపాళేలది, అంటే మత్స్యకార పల్లెలది, ఇంకా చిన్న ప్రపంచం. 108 అంబులెన్సు 2005 నుంచి ఈ రాష్ట్రంలో అత్యవసర వైద్యం ముఖచిత్రాన్ని మార్చిన మాట నిజం. దానికీ రోడ్డు కావాలి.

కాబట్టి ప్రణాళికలో ప్రశ్న ‘రోగిని ఎలా పంపాలి’ అన్న దగ్గర ఆగకూడదు. ‘పంపలేకపోతే ఇరవై నాలుగు గంటలు ఇక్కడే ఎలా నిలబెట్టాలి’ అనేది రెండో ప్రశ్న, అసలు ప్రశ్న కూడా అదే. దానికి కావలసిన సరుకు పెద్దదేమీ కాదు: సెలైన్లు, ఆక్సిజన్, బీపీ మాత్రలు, మూర్ఛకు ఇంజెక్షన్లు, ఇన్సులిన్, పాము విషానికి విరుగుడు, టార్చిలైట్లు, జనరేటర్‌కు డీజిల్. డీజిల్ సంగతి నవ్వులాటగా కనిపిస్తుంది గానీ టీకాల ఫ్రిజ్ రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య నిలవాలా వద్దా అనేది చివరికి డబ్బాలో ఉన్న ఆ ఐదు లీటర్ల మీదే తేలుతుంది.

మరొకటి ఎవరూ రాసుకోరు. ముగ్గురు స్టాఫ్ నర్సుల్లో ఇద్దరు పట్టణం నుంచి బస్సులో వస్తుంటే, దారి తెగినప్పుడు లోపల ఉన్న ఒక్కరే డ్యూటీ దిగకుండా ముప్పై ఆరు గంటలు చేయాలి. ఆ ముప్పై ఆరు గంటల్లో ఆమె ఇంట్లో పసిపిల్లలు ఎవరి దగ్గర ఉన్నారో, ఆమె ఇంట్లోకి నీళ్లు వచ్చాయో లేదో అడిగే గడి ఏ రిపోర్టులోనూ ఉండదు. ముందురోజు సాయంత్రమే ఇద్దరిని లోపల ఉంచి, పడుకోవడానికి ఒక గది, తినడానికి బియ్యం పప్పు ఏర్పాటు చేయడం వైద్యం కిందకు రాదు గానీ అది లేకుండా వైద్యం నడవదు.

ఇరవై నిమిషాలు

వరద నీరు మనుషులనే కాదు, పాములనూ గట్ల మీదికి తోలుతుంది. మిట్ట మీద ఉన్న ఇల్లు, గడ్డివాము, రొయ్యల గుంట కట్ట మనిషికీ పాముకూ ఉమ్మడి ఆశ్రయాలవుతాయి. రాత్రి పది దాటాక మోటారు సైకిల్ మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకుని ఒకతన్ని తెస్తారు. మోకాలి కింద టవలు బిర్రుగా కట్టి ఉంటుంది. వెంట వచ్చినవాళ్లు అరుస్తుంటారు, ఇంజెక్షన్ వెంటనే వేయమంటారు. డాక్టరు ఫోనులో ఉంటారు.

ఇక్కడ నర్సు మొదట చేయాల్సింది ఆ టవలు పీకేయకుండా ఉండటం. కట్టు తప్పే, కానీ ఒక్కసారిగా విప్పితే ఆగిన రక్తంతోపాటు విషం ఒంట్లోకి ఎగదన్నవచ్చు. ముందు నరానికి సూది పెట్టి, సెలైన్, విరుగుడు మందు సిద్ధం చేసుకున్నాకే కట్టు వదులు చేయాలి. ఆ తర్వాత రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి పొడిగా, శుభ్రంగా ఉన్న కొత్త గాజు గొట్టంలో పోసి బల్ల మీద పెట్టి గడియారం చూస్తుంది. ఇరవై నిమిషాలు దాన్ని కదిలించకూడదు. ప్లాస్టిక్ గొట్టం పనికిరాదు, సబ్బు పొడితో కడిగిన గొట్టమూ పనికిరాదు, రెండూ తప్పు ఫలితం చూపిస్తాయి. ఇరవై నిమిషాల తర్వాత గొట్టాన్ని ఒకసారి వంచుతుంది. రక్తం గడ్డకడితే కొంత ఊపిరి, అయినా పరీక్ష మళ్లీ మళ్లీ చేయాలి. నీళ్లలా జారిందంటే రక్తపింజరి జాతి విషం పనిచేస్తోందని అర్థం, విరుగుడు ఎక్కించడం మొదలుపెట్టాలి. మొదటి విడతకు సాధారణంగా ఎనిమిది నుంచి పది సీసాలు. చిన్నపిల్లలకైనా అదే మోతాదు, ఎందుకంటే కోరల నుంచి దిగిన విషం మనిషి బరువు చూసి తగ్గదు. మందుకే ఒళ్లు ఎదురు తిరిగి దద్దుర్లు, ఆయాసం వస్తే తొడ కండరానికి వేయడానికి అడ్రినలిన్ సిరంజిలో ముందే నింపి ఉండాలి.

కట్లపాము సంగతి ఇంకో దారి. గాటు కనపడదు, నొప్పి ఉండదు, తెల్లవారుజామున కడుపునొప్పి, ఆ తర్వాత కనురెప్పలు వాలడం. నేల మీద వరుసగా పడుకునే పునరావాస కేంద్రంలో ఉదయం ‘కడుపులో నొప్పి’ అంటూ లేచిన మనిషి కళ్లను ఒకసారి పరీక్షగా చూడాలన్న జ్ఞానం ప్రాణం నిలబెడుతుంది. రక్తం పరీక్ష అతనిలో మామూలుగానే ఉంటుంది, మోసపోకూడదు. ఇంకో మాట. విరుగుడు పొడి రూపంలోనూ, ద్రవ రూపంలోనూ వస్తుంది. ద్రవానికి ఫ్రిజ్ తప్పనిసరి, పొడి కొంత తట్టుకుంటుంది. అక్టోబరులో ఇండెంటు పెట్టేటప్పుడు ఏది తెప్పించాలో చెప్పగలిగింది స్టోరు గది తాళం ఉన్న నర్సే.

డ్రమ్ము దగ్గర

పునరావాస కేంద్రంలో మందుల బల్ల కంటే ముందు చూడాల్సింది నీళ్ల డ్రమ్ము. అర గ్రాము క్లోరిన్ మాత్ర ఒకటి ఇరవై లీటర్ల నీటికి సరిపోతుంది. మురికి నీళ్లయితే ముందు పంచె మడతలోంచి వడకట్టాలి, లేకపోతే క్లోరిన్ ఆ మురికితోనే ఖర్చైపోతుంది. వేసిన వెంటనే తాగకూడదు, కనీసం అరగంట ఆగాలి. ఆ తర్వాత కూడా లీటరుకు అర మిల్లీగ్రాము మిగిలి ఉండాలి. క్లోరిన్ ఎంతుందో చూపే క్లోరోస్కోప్‌లో నీళ్లు పోసి ఒక చుక్క మందు వేస్తే పసుపు రంగు తిరుగుతుంది, పక్కనున్న రంగుతో పోల్చి చూడటమే. తిరగలేదంటే క్లోరిన్ లేనట్టే. ఈ పరీక్ష పొద్దున ఒకసారి చేసి రిజిస్టరులో రాసేస్తే లాభం లేదు. డ్రమ్ము ఎన్నిసార్లు నిండితే అన్నిసార్లు చేయాలి. అందులోకి చేతులతో గ్లాసు ముంచుతున్నారంటే పరీక్ష చేసినా దండగే. కుళాయి ఉన్న డ్రమ్ము లేకపోతే పొడవు కాడ ఉన్న గరిట ఒకటి తాడుతో కట్టి వేలాడదీయడం ఉత్తమం.

నీరు తీశాక జబ్బులు ఒకేసారి రావు, వరుసలో వస్తాయి. మొదటి మూడు రోజులు గాజు పెంకులు, మేకుల గాయాలు, పాముకాట్లు, కరెంటు షాకులు. వారంలోపు విరేచనాలు. వారం రెండు వారాల మధ్య ఎలుకల మూత్రం కలిసిన నీటిలో నడిచినవాళ్లకు లెప్టోస్పైరోసిస్, అంటే ఎలుక జ్వరం: పిక్కల్లో భరించలేని నొప్పి, ఎర్రబడ్డ కళ్లు. మూడో వారం నుంచి కొబ్బరి చిప్పల్లో, పాత టైర్లలో నిలిచిన నీళ్లు దోమలను లేపి డెంగీని తెస్తాయి. తుఫాను వైద్య శిబిరాలు మాత్రం సాధారణంగా మొదటి వారంలోనే ఎత్తేస్తారు. డెంగీ వచ్చేసరికి ఊళ్లో మిగిలేది మళ్లీ ఆ ఏఎన్‌ఎం, ఆ ఆశా. ఎక్కడ ఎన్ని జ్వరాలో నమోదు చేసే వ్యాధుల నిఘా వ్యవస్థ దేశంలో 2004 నుంచి ఉంది. ఆ అంకెలు పైకి వెళ్లడం ఒక ఎత్తు. మూడు జ్వరాలు ఒకే వీధిలో కనపడగానే ఎవరి ఆదేశం కోసమూ ఆగకుండా ఆ వీధి తొట్లు బోర్లించడం మరో ఎత్తు.

శిబిరంలో కనపడని రోగి ఒకరుంటారు. మద్యం దుకాణాలు మూతపడి రెండు రోజులైతే రోజూ తాగే అలవాటున్నవాళ్లకు చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, లేనివి కనిపిస్తాయి, కొందరికి మూర్ఛ వస్తుంది. చుట్టుపక్కలవాళ్లు దాన్ని భయమనో గాలి సోకిందనో అనుకుంటారు. గుర్తుపట్టగలిగిన నర్సు ఉంటే అది సకాలంలో వైద్యం చేయాల్సిన అత్యవసరమని తెలుస్తుంది. అన్నీ పోగొట్టుకుని గోడకు ఆనుకుని కూర్చున్న మనిషికి మాత్రం మందు అక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ఇచ్చిన మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శిలో సారం మూడు మాటల్లో ఉంది: చూడటం, వినడం, కలపడం. కలపడం అంటే తప్పిపోయిన బంధువుతోనో, నష్టపరిహారం రాసే అధికారితోనో. ‘ఏం కాదులే’ అనడం ఆ మూడింటిలో లేదు.

గాలి లేని విపత్తులు

ప్రకాశం జిల్లాలో పడమటి వైపు వెళితే సముద్రం గుర్తుకు కూడా రాదు. అక్కడి విపత్తు ఎండ. 2015 మే వడగాడ్పుల్లో రాష్ట్రంలో మరణాలు ఎక్కువగా నమోదైన జిల్లాల్లో ప్రకాశం ముందు వరుసలో ఉంది. తుఫానుకు ఉన్న పేరు, సైరన్, పడవలు వడగాడ్పుకు లేవు. అది ఉపాధి పనిలో ఒకరిని, మేకల వెంట ఒకరిని విడివిడిగా తీసుకుపోతుంది. ఒళ్లు కాలిపోతూ మాట తడబడుతున్న మనిషికి పారాసిటమాల్ ఇవ్వడం వల్ల ప్రయోజనం లేదు, అది జ్వరం కాదు కాబట్టి. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, తడిగుడ్డ కప్పి, విసరాలి. అంబులెన్సు వచ్చాక చల్లబరుద్దాం అనుకుంటే ఆలస్యమైపోతుంది. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదన్న సంగతి ఉపాధి మేస్త్రీకి ఏప్రిల్‌లోనే చెప్పి ఉండాలి.

ఇవి కాక జాతీయ రహదారి మీద బస్సు ప్రమాదాలు, చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో పేలుళ్లు, ఐసు ఫ్యాక్టరీల్లో అమోనియా లీకులు ఎప్పుడైనా జరగగలవి. ఒంగోలు దగ్గర 1967 మార్చి 27న 5.4 తీవ్రతతో భూకంపం వచ్చింది. 2024 డిసెంబరులో ముండ్లమూరు చుట్టుపక్కల నేల కంపించి జనం వీధుల్లోకి పరుగులు తీశారు. ఒకేసారి ముప్పై మంది క్షతగాత్రులు వచ్చినప్పుడు ఎర్ర, పసుపు, ఆకుపచ్చ, నలుపు పట్టీలతో వేరుచేసే పద్ధతి ప్రతి నర్సింగ్ విద్యార్థీ చదివినదే. చదవడం వేరు, తలుపు దగ్గర నిలబడి అరుస్తున్నవాణ్ని దాటి, అరవలేకపోతున్నవాడి దగ్గరికి వెళ్లడం వేరు. నిమిషానికి ముప్పైకి పైగా శ్వాసలు, మణికట్టు దగ్గర అందని నాడి, చెప్పిన మాట వినిపించుకోని స్థితి, ఈ మూడింటిలో ఏ ఒక్కటున్నా ఎర్ర పట్టీ. అరవగలుగుతున్నవాడు ప్రస్తుతానికి ఆగగలడు. బంధువుల మధ్య ఆ నిర్ణయం తీసుకోవాలంటే కసరత్తు కావాలి, ఏడాదికి రెండుసార్లైనా.

కుర్చీ

2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు కలెక్టరు అధ్యక్షులు. సభ్యుల్లో ఎస్పీ, జిల్లా వైద్యాధికారి ఉంటారు. ఆరోగ్యానికి అక్కడ ఒక కుర్చీ ఉన్నట్టే. నర్సింగ్‌కు విడిగా లేదు. కింది స్థాయిలో తుఫాను సమీక్ష జరిగితే చర్చ ఎక్కువగా బియ్యం, పడవలు, స్తంభాలు, చెట్లు నరికే యంత్రాల చుట్టూ తిరుగుతుంది. ఏఎన్‌ఎంకు సమావేశం తర్వాత ఫలానా కేంద్రంలో డ్యూటీ అని ఫోనులో సందేశం వస్తుంది. ఏ కేంద్రానికి ఎవరు రాబోతున్నారో, వాళ్లలో డయాలసిస్ మనిషి ఎవరో, ఆ కేంద్రం మెట్లు తొమ్మిదో నెల గర్భిణి ఎక్కగలదో లేదో చెప్పగలిగిన మనిషిని సమావేశానికి పిలవకుండా డ్యూటీకి మాత్రం పిలవడం పాత అలవాటు. మరుగుదొడ్డి లేని, ఆడవాళ్లు బట్టలు మార్చుకోవడానికి చాటు లేని భవనాన్ని పునరావాస కేంద్రంగా రాసేసినప్పుడు అడ్డుచెప్పే గొంతు ఆ గదిలో ఉండి ఉండాలి.

అంతర్జాతీయ నర్సుల మండలి, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి 2009లోనే విపత్తుల్లో నర్సులకు ఉండాల్సిన సామర్థ్యాలను రాసిపెట్టాయి, 2019లో మండలి దాన్ని సవరించింది. అందులో మొదటి అంచె ప్రత్యేక దళాలకు సంబంధించినది కాదు. మామూలుగా పనిచేసే ప్రతి నర్సుకూ ఇవి తెలియాలి అంటుంది. మన దగ్గర పాఠ్యాంశం ఉంది, పరీక్షలో ప్రశ్న వస్తుంది, మార్కులు పడతాయి. ఉద్యోగంలో చేరాక ఆ అధ్యాయం మళ్లీ తెరిచేది వాయుగుండం వచ్చినప్పుడే.

ఖర్చు లేకుండా మార్చగలిగేవి కొన్ని ఉన్నాయి. సెప్టెంబరు చివర్లో మండలానికి ఒక పూట సమావేశం. ఏఎన్‌ఎంలు తమ జాబితాలతో వస్తారు, వీఆర్వోలు పటంతో వస్తారు, రెండూ ఒకే బల్ల మీద పరుస్తారు. ఏ చప్టా ఎంత వానకు మునుగుతుందో వీఆర్వోకు తెలుసు. ఆ చప్టా అవతల ఎవరున్నారో ఏఎన్‌ఎంకు తెలుసు. పటం మీద ఆ ఇళ్ల దగ్గర పెన్సిల్‌తో చుక్కలు పెడతారు. నవంబరు మొదటికి కొన్ని చెరిపి కొన్ని కొత్తవి పెట్టాలి, ఎందుకంటే అప్పటికి కొందరు కాన్పై పుట్టింట్లో ఉంటారు, కొందరి తేదీ దగ్గర పడుతుంది.